దిగాక చెయ్యమన్న ఫోను

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఒకటే బాధ. నన్ను తీసుకెళ్లి ఖాదర్ వలీ సార్ పక్కన కూర్చోబెట్టారు.

అంబులెన్సుల కంట్రోల్ రూమ్ మాది. కిటికీల్లేని గది, పన్నెండు సీట్లు, పన్నెండు కంప్యూటర్లు. ఎక్కడ ఎవరు పడిపోయినా, ఎవరికి నొప్పులొచ్చినా, ఫోను ముందు మా చెవిలో మోగుతుంది. కొత్తవాళ్లని మొదటి ఏడాదంతా ఒక పాత ఉద్యోగికి అప్పజెబుతారు. వాళ్లని గదిలో అందరం గురువు అనే పిలుస్తాం, సగం వెటకారంగా, సగం నిజంగా. నాతోపాటు చేరినవాళ్లందరికీ హుషారైన గురువులు దొరికారు. నా ఖర్మకొద్దీ నాకు ఈయన దొరికారు.

మనిషి మంచివారే, కాదనను. కానీ అంత నెమ్మదా! ఫోనులో ఎవరైనా "మా నాన్నకి ఆయాసంగా ఉందండీ" అంటే, ఈయన "మీ నాన్నకి ఆయాసంగా ఉంది" అని మళ్లీ ఒకసారి అనేవారు. "గేదె పొడిచిందండీ" అంటే "గేదె పొడిచింది." చెవుడేమో అనుకునేవాళ్లు అవతలివాళ్లు. బండి పంపేశాక కూడా పెట్టెయ్యరు. "ఇంకేమన్నా చెప్పాలా?" అని అడిగి, అవతలివాళ్లు పెట్టేదాకా ఆగుతారు. బడి పిల్లలు సరదాకి చేసి కిసుక్కుమని నవ్వుతుంటే కూడా అంతే, వాళ్లు పెట్టేదాకా ఆగుతారు. పక్కన కూర్చుని వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

ప్రతి సోమవారం బోర్డు మీద కాగితం అంటించేవారు, ఎవరు ఒక్కో కాల్ ఎంతసేపట్లో ముగిస్తున్నారో. నాది ఒక నిమిషం ఐదు సెకన్లు. గదిలో నేనే ఫస్టు. మా సార్‌ది మూడు నిమిషాల నలభై. ఎప్పుడూ అట్టడుగునే.

"గురువుని మించిన శిష్యురాలు వచ్చింది సార్" అని మేనేజరు ఒకసారి ఆయన్ని ఆటపట్టించాడు. సార్ కాగితం వంక చూసి, "అవును, హైమ చురుకైన పిల్ల" అన్నారు. ఆయన నొచ్చుకోనందుకు నాకు కాస్త నిరాశే కలిగింది.

నిజం చెప్పొద్దూ, నాకు బాగా పొగరుండేది. అవతలి మనిషి ఊపిరి తీసుకునే తీరుని బట్టే సంగతి చెప్పేసేదాన్ని. ఇది పురుడు, ఇది పాము, ఇది మొగుడూ పెళ్లాల గొడవ, ఇది ఉత్తుత్తి ఫోను. వాళ్లు నోరు తెరిచేలోపు నా వేలు మౌసు మీద ఉండేది. పదింట తొమ్మిదిసార్లు సరిగ్గా ఉండేది కూడా. అదే నన్ను చెడగొట్టింది.

మే నెల, మధ్యాహ్నం ఒకటీ యాభై దాటింది. బయట ఎండ మాడ్చేస్తోందని వచ్చే ఫోన్లని బట్టే మాకు తెలుస్తుంది. అప్పటికే తాగిపడిపోయినవాళ్లవి నాలుగొచ్చాయి నాకు. ఐదోది మోగింది.

"నమస్కారం, అంబులెన్స్. ఏం జరిగింది చెప్పండి."

వెనక ఏదో దడదడ మోత. దాని మధ్యలో ఒక మగ గొంతు, ముద్దముద్దగా, నాలుక మడతపడి. మాట కాదు, మాట ఆకారం. మధ్యలో నవ్వులాంటిది ఒకటి.

"ఏ ఊరు?"

మళ్లీ అదే ముద్ద. ఈసారి ఇంకొంచెం పొడుగ్గా.

నాకు తెలిసిపోయింది. తెలిసిపోయిందనే అనుకున్నా. "పెద్దాయనా, ఎక్కినట్టుంది. దిగాక చెయ్యండి" అని పెట్టేశాను. చుట్టుపక్కల నలుగురూ పకపకా నవ్వారు. కారణం అన్నచోట 'మద్యం' నొక్కి, 'ముగించబడింది' నొక్కి, చున్నీ సర్దుకుని నీళ్లు తాగడానికి లేచాను. ఇంకో ఇద్దరితో ఆ ముక్క మళ్లీ చెప్పి నవ్వించాను కూడా.

నవ్వనివారు ఒక్కరే, మా సార్. ఆయన అప్పుడు వేరే ఫోనులో ఉన్నారు. ఎవరిదో పిల్ల బావి గట్టు మీంచి పడిందట. నా వంక ఒకసారి చూశారు, అంతే. ఆ తల్లి పెట్టేదాకా ఆగారు. తర్వాత తన హెడ్‌సెట్ వైరు పీకి, కుర్చీ జరుపుకుని వచ్చి, నా సెట్టుకున్న రెండో కన్నంలో పెట్టారు.

"ఆ నంబరు కలుపు."

"ఏ నంబరు సార్?"

"దిగాక చెయ్యమన్నావే, అది."

"అయ్యో సార్, తాగుబోతు. నాలుక తిరగట్లేదు."

"తాగానని చెప్పాడా?"

"చెప్పేదేంటి సార్, తెలిసిపోవట్లా!"

ఆయన వేలు చాచి తనే కలిపారు. అవతల రింగవుతోంది. ఈలోపు తన బల్ల మీద సగం తాగిన టీ కప్పు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఒక గుక్క నోట్లో పోసుకో. మింగకు."

ఏమిటీ పిచ్చి అనుకుంటూనే పోసుకున్నా. పెద్దాయన చెబితే ఏం చేస్తాం.

"ఇప్పుడు నీ పేరు, ఊరు చెప్పు."

చెప్పాను. చెప్పడమేంటి, ఏదో గుడగుడమంది. టీ గడ్డం మీంచి కారి చున్నీ మీద పడింది. ఎదురు సీటులో పిల్ల ఫక్కున నవ్వింది.

"తాగొచ్చావా అమ్మాయ్?" అని అడిగారు సార్. ఆ గొంతులో వెటకారం లేదు. అచ్చంగా తెలుసుకోవడానికే అడిగినట్టు అడిగారు.

ఆ టీ మళ్లీ కప్పులోకే ఉమ్మేశాను. ఆరేళ్ల కిందట మా మేనమామకి పక్షవాతం వచ్చిన పొద్దున గుర్తొచ్చింది. మూతి పక్కకి పోయి ఆయన మాట ఇలాగే ముద్దయిపోయింది. మా అత్త కూడా ముందు తిట్టింది, పొద్దున్నే తాగావా అని. ఇంట్లో చూసినదాన్ని, ఉద్యోగంలో మర్చిపోయాను.

రింగు మోగి మోగి ఆగిపోయింది. ఎత్తలేదు.

"మళ్లీ కలుపు" అన్నారు. ఈసారి వేలు నాదే.

ఎనిమిదో రింగుకి ఎత్తారు. ఎత్తాడో, చెయ్యి తగిలి ఎత్తబడిందో తెలీదు. మాట లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది, తడితడిగా, గురకలాగా. వెనక అదే దడదడ.

నేను హెడ్‌సెట్ తీసి సార్ ముందు పెట్టబోయాను. "మీరు మాట్లాడండి సార్, నావల్ల కాదు."

ఆయన చేతులు బల్ల మీదే ఉంచుకున్నారు. "నీ కాల్ ఇది" అన్నారు.

అంతే. కోపంగా అనలేదు. అయినా ఆ మాటకి తప్పించుకునే దారి లేదని అర్థమైంది. హెడ్‌సెట్ మళ్లీ తగిలించుకున్నా. ఏమైనా సరే, ఈ మనిషిని పట్టుకోవాలి. ఈసారి నేను పెట్టెయ్యను.

"అయ్యా, నేను అంబులెన్స్ నుంచి. ఇందాక పెట్టేసింది నేనే. తప్పైపోయింది. బండి వస్తోంది. ఫోను పెట్టకండి, అలాగే ఉంచండి."

ఊపిరి.

టవర్ ఎక్కడో స్క్రీన్ మీద వచ్చింది. టవర్ చూపిస్తుందిగానీ, మనిషిని చూపించదు. పటం మీద ఒక గుండ్రం గీత, అందులో తొమ్మిది ఊళ్లు, వాటి పొలాలు. ఆ నంబరు ఎవరి పేరున ఉందో కనుక్కోవాలంటే గంట పడుతుంది. సార్ వేరే ఫోనులో ఆ గీతకి దగ్గరున్న బండిని కదిలించారు. "బ్రహ్మం, నువ్వు మెయిన్ రోడ్డెక్కు. ఊరు మళ్లీ చెబుతాను." బ్రహ్మం అంటే ఆ బండి నడిపేవాడు, మా భాషలో పైలట్.

ఊరు మళ్లీ చెప్పాల్సింది నేను. ఎక్కణ్ణుంచి చెప్పను? నేను ఫారం నింపడం మొదలెట్టాను. రోగి వయసు, చిరునామా, గుర్తులు. అలవాటు. ఖాళీ గడి కనబడితే చెయ్యి ఆగదు. వయసు దగ్గర 'యాభై' అని కొట్టేశాను కూడా, ఎవరు చెప్పారని! సార్ చెయ్యి చాపి నా స్క్రీన్ ఆర్పేశారు.

నల్లటి గాజులో నా మొహం కనబడింది, గడ్డానికి టీ మరకతో.

చూడ్డానికేమీ లేక విన్నాను. ముందు ఊపిరి. దాని వెనక మోత. ఆ మోత కింద ఇంకోటి, నీళ్లు పడుతున్న చప్పుడు, లావు గొట్టంలోంచి తొట్టిలోకి దుమికినట్టు. మోటారు! బోరు మోటారు. నేను పుట్టి పెరిగింది ఆ చప్పుడులోనే, ఇంతసేపూ గోల అని పక్కకి నెట్టేశాను.

"సార్, మోటారు షెడ్డులో ఉన్నాడు."

"మోటారు షెడ్డులో ఉన్నాడు" అని సార్ నా మాట నాకే అప్పజెప్పారు. మొదటిసారి ఒళ్లు మండలేదు. నేనన్నది ఇంకొకరు విన్నారని ధైర్యమొచ్చింది.

కానీ తొమ్మిది ఊళ్లలో ఎన్ని మోటార్లు! వందలు. మాట్లాడుతూనే ఉన్నాను ఆయనతో. "అయ్యా, వింటున్నారా, ఒక పక్కకి ఒత్తిగిలండి, నోట్లో ఉమ్ముంటే బయటికి కారిపోనివ్వండి." నా గొంతు తొందరపడినప్పుడల్లా సార్ బల్ల మీద అరచెయ్యి ఆనించేవారు. నేను నెమ్మదించేదాన్ని.

అప్పుడు మోటారు ఆగిపోయింది.

ఒక్కసారిగా ఆగి, గిర్రుమని దిగజారి, నిశ్శబ్దం. ఫోను పోయిందనుకున్నా. లేదు, ఊపిరి ఉంది. గోడ గడియారం చూశాను. రెండూ పది.

పొలాల కరెంటు రోజంతా ఉండదు. త్రీ ఫేజ్ వంతులవారీగా ఇస్తారు, ఈ ఊరికి తీసి ఆ ఊరికి. మా నాన్న జీవితమంతా ఆ వేళల చుట్టూనే తిరిగాడు. ఫోను వదల్లేక కాగితం మీద రాసి సార్ ముందుకి నెట్టాను: 'ఇప్పుడే, రెండూ పదికి, త్రీ ఫేజ్ ఎవరికి తీశారు?'

ఆయన చదివి నా మొహం వంక చూశారు. అంత తొందరగా ఆయన ఫోను అందుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ వైపు సబ్‌స్టేషన్‌లో కూర్చునే ఆపరేటర్‌ని పట్టుకున్నారు. అవతలి మనిషి మాట నాకూ వినబడింది.

"రెండూ పదికా? జమ్మిపాలెం ఫీడరండీ. ఒక్కదానికే తీశా. ఏం, ఎవరన్నా షాకు తిన్నారా?"

"జమ్మిపాలెం ఒక్కదానికే తీశారు" అన్నారు సార్, ఆయనకీ నాకూ బ్రహ్మానికీ కలిపి.

తొమ్మిది ఊళ్లు ఒకటయ్యాయి. అయినా పొలం పెద్దది. ఊరికి రెండు వైపులా డొంకదారులు, ఒక్కో దారికి పదిహేను ఇరవై షెడ్లు. ఎండకి ఒక్క మనిషి బయట లేడని బ్రహ్మం మొత్తుకుంటున్నాడు.

"సైరను వేసుకుని మెల్లగా పోనియ్ అన్నా" అన్నాను సార్ ఫోనులోకి వంగి. "నేను ఇక్కణ్ణుంచి వింటా."

గదిలో మిగతావాళ్లకి సంగతి తెలిసింది. వాళ్ల ఫోన్లు ఆపుకోలేరు కదా, గొంతులు తగ్గించుకున్నారు. పదిమంది గుసగుసగా "ఏం జరిగింది చెప్పండి" అంటున్నారు. నేను కళ్లు మూసుకున్నా.

ఊపిరి. ఒక కాకి. ఊపిరి.

"ఏమీ లేదన్నా. ఇంకా పో."

ఊపిరి. ఆగింది. ఆగిందా? మళ్లీ వచ్చింది, ఎక్కడో లోతునుంచి తోడినట్టు.

"అయ్యా, పోవద్దు. నన్ను తిట్టుకోడానికైనా ఉండండి. నేనిక్కడే ఉన్నా."

సన్నగా, దోమ గీపెట్టినట్టు ఏదో.

"వస్తోంది! సన్నగా వస్తోంది. అదే దారిన పో." పెరిగింది. ఇంకా పెరిగింది. తర్వాత తగ్గుతూ పోయింది. "తగ్గుతోంది అన్నా, దాటేశావు, వెనక్కి!"

"వెనక్కి తిప్పడానికి దారెక్కడుందమ్మా, ఇటు ముళ్లకంప, అటు కాలవ" అన్నాడు బ్రహ్మం. అంటూనే తిప్పినట్టున్నాడు, కంప విరిగిన చప్పుడు వినబడింది.

మళ్లీ పెరిగింది. నా చెవి పగిలేంత పెరిగింది. "అక్కడే! ఆగు, అక్కడే!"

తలుపు తోసిన చప్పుడు. పరుగులు. ఎవరో ఫోను కింద నుంచి తీశారు. బండిలో వచ్చిన టెక్నీషియన్ అమ్మాయి గొంతు, రొప్పుతూ:

"దొరికారు మేడం. మూతి పక్కకి పోయింది. కుడి చెయ్యీ కాలూ లేవట్లేదు. కళ్లు తెరిచి చూస్తున్నారు." వంగి వాసన చూసినట్టుంది. "మాకు వచ్చిన మెసేజ్‌లో 'మద్యం' అని ఉంది. మందు వాసనేమీ లేదు మేడం."

"లేదు" అన్నాను. "లేదమ్మా. అది నేను రాశాను."

ఎత్తి బండిలో పెట్టారు. ఆ అమ్మాయి పెట్టేదాకా నేను పెట్టలేదు. మూడు గంటలకి తొమ్మిది నిమిషాలుందనగా పెద్దాసుపత్రికి చేరినట్టు కబురొచ్చింది. చేరేసరికి ప్రాణం ఉంది. పేరు యలమంద. వయసు డెబ్బై ఒకటి. మా గదికి వచ్చే కబురు అంతవరకే, ఆ తర్వాత సంగతి ఎవరూ చెప్పరు.

ఎవరో వచ్చి నా భుజం తట్టారు. మేనేజరు పరుగున వచ్చి, సైరను వింటూ మనిషిని పట్టుకోవడం శభాష్ అన్నాడు, పైకి రాస్తానన్నాడు. గది గదంతా చప్పట్లు కొట్టింది, ఫోన్లలో ఉన్నవాళ్లు తప్ప. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

స్క్రీన్ వెలిగించాను. అందులో రెండు గీతలున్నాయి, ఒకదాని కింద ఒకటి. ఒకటీ యాభై మూడు, మద్యం, ముగించబడింది. ఒకటీ యాభై ఏడు, తిరిగి కలపబడింది. మేనేజరు వంగి చూసి, "ఆ మొదటిది తీయించేద్దాంలే, ఎవరు చూస్తారు" అన్నాడు. మంచికే అన్నాడు పాపం.

"వద్దు సార్" అన్నాను. "ఉండనివ్వండి." అతను భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

పక్షవాతానికి ప్రతి నిమిషమూ లెక్కే అని మాకు మొదటి వారంలోనే నేర్పిస్తారు. ఆ నాలుగు నిమిషాలు నేనేం చేశానో నాకు తెలుసు. నీళ్లు తాగాను. ఇద్దర్ని నవ్వించాను. ఆ ఎండవేళ, ఆ షెడ్డులో ఆయన మోటారు పక్కన పడి, తిరిగి మోగని ఫోను వంక చూస్తూ ఉండి ఉంటాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు.

ఖాదర్ వలీ సార్ తన వైరు నా సెట్టులోంచి పీకి, కుర్చీ మళ్లీ తన బల్ల దగ్గరికి జరుపుకున్నారు. ఓదార్చలేదు, తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది.

"నాలుగు నిమిషాలు పోగొట్టాను సార్" అన్నాను.

ఆయన ఫోను మోగితే హెడ్‌సెట్ అందుకున్నారు. చెవికి పెట్టుకోబోతూ ఆగి, నా వంక చూశారు.

"నేను పోగొట్టింది పదకొండు" అన్నారు.